ఫోన్ పోతే నంబర్లూ పోవాలా?



"నా ఫోన్ పోయింది. నంబర్లన్నీ పోయాయి. దయచేసి అందరూ మీ పేరు, నంబరు పంపండి." ఇలాంటి కబురు ఒక్కసారైనా రాని వాట్సాప్ గ్రూపు తెలుగునాట దొరకడం కష్టం. అపార్ట్‌మెంట్ గ్రూపులో వస్తుంది, పదో తరగతి పూర్వ విద్యార్థుల గ్రూపులో వస్తుంది, గుడి కమిటీ గ్రూపులో వస్తుంది. ఆ కబురు పంపినవారు అప్పటికే కొత్త ఫోన్ కొనుక్కున్నారు, పాత నంబరు మీదే డూప్లికేట్ సిమ్ తెచ్చుకున్నారు. ఏళ్ల తరబడి పోగుచేసుకున్న పేర్లు మాత్రం వెంట రాలేదు. పొలం కౌలుకు చేస్తున్న రైతు నంబరు, బోరు మోటారు బాగుచేసే మెకానిక్ నంబరు, అమ్మకు షుగర్ మందులు రాసే డాక్టరుగారి క్లినిక్ నంబరు. వీళ్లలో చాలామంది ఏ గ్రూపులోనూ ఉండరు. వాళ్లను ఎవరిని అడిగి పట్టుకోవాలి?

బాధ కలిగించే సంగతి ఏమిటంటే, చాలా సందర్భాల్లో ఆ నంబర్లు నిజానికి పోవు. ఎక్కడో ఒక నకలు ఉండే ఉంటుంది. అది ఎక్కడుందో, ఎవరి పేరు మీద ఉందో, ఏ పాస్‌వర్డ్‌తో తెరుచుకుంటుందో యజమానికి తెలియదు. ఈ ప్రసంగమంతా ఆ నకలు గురించే.

మొదట్లో నంబర్లు సిమ్‌లో ఉండేవి. జర్మనీలోని మ్యూనిక్ నగరానికి చెందిన గీసెకె అండ్ డెవ్రియెంట్ అనే సంస్థ 1991లో తొలి సిమ్ కార్డులు తయారుచేసి, 300 కార్డులను ఫిన్లాండ్‌లోని రేడియోలింజా కంపెనీకి అమ్మింది. అవి ఇప్పటి ఏటీఎం కార్డంత ఉండేవి. మన దేశంలో 1995 జూలై 31న పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి ఢిల్లీలో ఉన్న కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌కు తొలి మొబైల్ కాల్ చేశారు. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు సామాన్యుడి ఫోన్ పుస్తకం అంటే సిమ్ కార్డే. అందులో సాధారణంగా 250 పేర్ల దాకా పడతాయి. ఒక పేరుకు ఒకటే నంబరు. ఫొటో ఉండదు, ఈమెయిల్ ఉండదు. పేరు పొడుగైతే చివర తెగిపోతుంది. "సుబ్బలక్ష్మి పిన్ని తెనాలి" అని రాస్తే ఊరి పేరు మాయమవుతుంది. తెలుగు లిపిలో రాస్తే ఇంకా తక్కువ అక్షరాలే పడతాయి.

ఆ తర్వాత 2011 జనవరి 20న నంబరు మార్చకుండా కంపెనీ మార్చుకునే సదుపాయం దేశమంతటా వచ్చింది. జనం సంతోషించారు. నంబరు అదే ఉంటుంది కానీ చేతికి వచ్చేది కొత్త సిమ్ అని, పాత సిమ్‌లో దాచిన పేర్లు దానిలోనే ఉండిపోతాయని చాలామందికి ఆలస్యంగా తెలిసింది. ఇక్కడ పనికొచ్చే మాట ఒకటి చెప్పుకోవాలి. నెట్‌వర్క్ ఆగిపోయిన పాత సిమ్‌ను కూడా ఫోన్‌లో పెట్టి చూస్తే, చిప్ పాడవకపోతే, అందులోని పేర్లు సాధారణంగా కనిపిస్తాయి. పాత సిమ్ బీరువా సొరుగులో ఎక్కడైనా ఉంటే పారేయవద్దు. పేర్లు తీసుకున్నాకే పారేయండి.

ఇవాళ ఒక ఆండ్రాయిడ్ ఫోన్‌లో పేరు దాచుకునే చోట్లు ప్రధానంగా మూడు. సిమ్ ఒకటి, ఫోన్ సొంత మెమరీ రెండు, జీమెయిల్ ఖాతా మూడు. శాంసంగ్, షావోమీ వంటి కంపెనీలకు వాటి సొంత ఖాతాలు కూడా ఉంటాయి. తెర మీద అన్నీ కలిపి ఒకే జాబితాగా కనబడతాయి కనుక అన్నీ ఒకేచోట ఉన్నాయనిపిస్తుంది. ఫోన్ నీళ్లలో పడిన రోజున తేడా బయటపడుతుంది. సిమ్‌లోవి సిమ్‌తో బతుకుతాయి, జీమెయిల్ ఖాతాలోవి ఇంటర్నెట్‌లో క్షేమంగా ఉంటాయి, ఫోన్ మెమరీలోవి ఫోన్‌తోపాటే పోతాయి.

ఏది ఎక్కడికి వెళుతుందో తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. కొత్త నంబరు సేవ్ చేసేటప్పుడు పేరు రాసే గడికి దగ్గర్లో చిన్న అక్షరాలతో ఒక వరస కనిపిస్తుంది. అక్కడ ఒక ఈమెయిల్ చిరునామా ఉంటే ఆ పేరు ఖాతాలోకి వెళుతుంది. "డివైస్" అనో "ఫోన్" అనో ఉంటే మెమరీలోకి, "సిమ్" అని ఉంటే సిమ్‌లోకి. ఆ వరసను వేలితో నొక్కి మార్చుకోవచ్చు. ఒకసారి మార్చితే చాలా ఫోన్లు ఆ ఎంపికను గుర్తుపెట్టుకుంటాయి. ఈ ఒక్క వరసను చూసే అలవాటు చేసుకున్నవారికి ఈ ప్రసంగంలో సగం అవసరం తీరినట్టే.

నంబర్లు ఖాతాతోపాటు ఎలా ప్రయాణం చేస్తాయో దేశమంతా ఒకసారి కళ్లారా చూసింది. 2018 ఆగస్టు మొదటి వారంలో ఎన్నో ఫోన్లలో, యజమానులు ఎన్నడూ సేవ్ చేయని ఒక పేరు కనిపించింది. ఆధార్ సంస్థ సహాయ కేంద్రం పేరు, దాని కింద 1800 300 1947 అనే నంబరు. అంతకు కొద్దిరోజుల ముందే, జూలై 28న, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఛైర్మన్ ఆర్.ఎస్. శర్మ తన ఆధార్ నంబరును ట్విట్టర్‌లో బహిరంగంగా పెట్టి చేతనైతే హాని చేసి చూపమని సవాలు విసిరి ఉన్నారు. ఆ వేడిలో ఈ నంబరు బయటపడేసరికి, ప్రభుత్వం ఫోన్లలోకి చొరబడిందేమోనని జనం బెదిరిపోయారు. ఆ నంబరు పాతదని, చెల్లదని, దాన్ని ఫోన్లలో పెట్టమని తాము ఎవరికీ చెప్పలేదని ఆధార్ సంస్థ ప్రకటించింది. చివరికి గూగుల్ ముందుకు వచ్చి తప్పు తనదేనంది. 2014లో భారతదేశంలోని ఫోన్ తయారీదార్లకు ఇచ్చిన ఆండ్రాయిడ్‌లో, ఫోన్‌ను తొలిసారి సిద్ధంచేసే భాగంలో, ఆ నంబరుతోపాటు అత్యవసర నంబరు 112 కూడా పొరపాటున చేరాయని చెప్పి క్షమాపణ కోరింది.

అయితే 2014 నాటి నంబరు 2018లో కొన్న ఫోన్లోకి ఎలా వచ్చింది? కొందరి ఐఫోన్లలో కూడా ఎందుకు కనిపించింది? ఎవరూ చొరబడలేదు. పాత ఫోన్లో జాబితాలో కలిసిన పేరు ఖాతాలోకి నకలైంది. ఆ ఖాతాతో కొత్త ఫోన్ తెరిచినప్పుడు అందులోకి దిగింది. మళ్లీ ఫోన్ మార్చితే మళ్లీ దిగింది. నాలుగేళ్లపాటు ఎవరూ పట్టించుకోకపోయినా ఆ నంబరు ఒక్క అంకె చెదరకుండా వచ్చింది. ఎవరూ కోరని నంబరే అంత భద్రంగా వచ్చినప్పుడు, మనకు కావలసిన నంబర్లు రాకపోవడానికి కారణం యంత్రం కాదు. అవి ఖాతాలో చేరకపోవడం, లేదా ఆ ఖాతా మన చేతిలో లేకపోవడం.

ఖాతా మన చేతిలో లేకపోవడం అనే మాట దగ్గర కాస్త ఆగాలి. ఎందుకంటే మన ఊళ్లలో అసలు చిక్కు ఇక్కడే ఉంది.

చాలా ఇళ్లలో జరిగేది ఇదీ. నాన్నకో అమ్మకో తొలి స్మార్ట్‌ఫోన్ కొంటారు. షాపులో కుర్రాడు సిమ్ వేసి, స్క్రీన్ గార్డ్ అంటించి, "జీమెయిల్ ఉందా అండీ?" అని అడుగుతాడు. "అవేవీ మాకు తెలియవు బాబూ, నువ్వే పెట్టు" అంటారు. అతను పేరుకు నాలుగు అంకెలు తగిలించి ఒక ఖాతా తెరుస్తాడు, ఏదో పాస్‌వర్డ్ కొడతాడు, ప్లే స్టోర్ తెరుచుకోగానే వాట్సాప్ వేసి చేతికిస్తాడు. ఆ పాస్‌వర్డ్ ఆ క్షణంతో సరి. ఎవరూ ఎక్కడా రాసుకోరు. కుర్రాడిది దురుద్దేశం కాదు, కౌంటర్ ముందు ఇంకో నలుగురు నిలబడి ఉంటారు. రెండేళ్ల తర్వాత ఫోన్ పాడైతే మరో షాపుకు వెళతారు, అక్కడ ఇంకో కుర్రాడు ఇంకో ఖాతా తెరుస్తాడు. అలా ఒక్కొక్కరికి మూడు నాలుగు జీమెయిల్ ఖాతాలు తయారవుతాయి. ప్రతిదానిలోనూ కొన్ని పేర్లు, కొన్ని ఫొటోలు, ఒక వాట్సాప్ బ్యాకప్. ఒక్కటీ తెరుచుకోదు. పైగా రెండేళ్లపాటు ఎవరూ వాడని ఖాతాలను తొలగించే విధానాన్ని గూగుల్ 2023 డిసెంబర్ నుంచి అమలు చేస్తోంది.

దీనికి పరిష్కారం ఉంది. ఫోన్ చేతిలో ఉండి, తెరుచుకుంటూ ఉండగానే చేసుకోవాలి. సెట్టింగ్స్‌లో గూగుల్ అనే చోటికి వెళితే ఖాతా పేరు కనిపిస్తుంది. దాన్ని కాగితం మీద రాసుకోవాలి. పాస్‌వర్డ్ తెలియకపోతే మార్చుకునే వీలుంటుంది. ఆ ఫోన్ తెరిచే పిన్‌తో ధ్రువీకరించుకుని గూగుల్ చాలాసార్లు అనుమతిస్తుంది. అక్కడే రికవరీ ఫోన్ నంబరుగా కొడుకుదో కూతురిదో ఇవ్వాలి, తన నంబరు ఒక్కటే ఇస్తే చాలదు. ఎందుకో చూడండి. ఫోన్ పోయింది, డూప్లికేట్ సిమ్ తెచ్చుకున్నారు. టెలికాం శాఖ 2022 నవంబర్‌లో ఇచ్చిన ఆదేశం ప్రకారం అలా మార్చిన సిమ్‌కు తొలి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు. మోసగాళ్లు మన పేరు మీద సిమ్ తీసుకుని ఓటీపీలు లాగకుండా పెట్టిన మంచి కట్టుబాటు అది. కానీ ఆ రోజంతా గూగుల్ పంపే ఓటీపీ కూడా రాదు. రెండంచెల భద్రత పెట్టుకున్నవారికి గూగుల్ పది బ్యాకప్ కోడ్లు ఇస్తుంది, ఒక్కోటి ఎనిమిది అంకెలు. వాటిని కాగితం మీద రాసి బ్యాంకు పాసుపుస్తకంతో కలిపి దాచుకుంటే ఓటీపీ రాని రోజున అవే తలుపు తెరుస్తాయి.

సరే, పేర్లన్నీ ఖాతాలో ఉన్నాయి, పాస్‌వర్డ్ కూడా ఉంది. అంతటితో నిశ్చింతగా ఉండవచ్చా? ఉండకూడదని 2009లో అమెరికాలో రుజువైంది. అక్కడ టీ మొబైల్ కంపెనీ సైడ్‌కిక్ అనే ఫోన్ అమ్మేది. కుర్రకారుకు అదంటే మోజు. దాని ప్రత్యేకత ఏమిటంటే పేర్లు, క్యాలెండర్, ఫొటోలు అన్నీ ఫోన్లో కాకుండా డేంజర్ అనే సంస్థ సర్వర్లలో ఉండేవి. ఆ సంస్థను అంతకు ముందు ఏడాదే మైక్రోసాఫ్ట్ కొనేసింది. అక్టోబర్ మొదట్లో సర్వర్లు కుప్పకూలాయి. అక్టోబర్ 10న రెండు కంపెనీలూ, వినియోగదారుల సమాచారం పోయినట్టేనని దాదాపు ఖాయంగా చెప్పేశాయి. ఫోన్ ఆపవద్దని, బ్యాటరీ తీయవద్దని బతిమాలాయి. ఎందుకంటే ఫోన్లో తాత్కాలికంగా మిగిలి ఉన్న పేర్లు కూడా రీస్టార్ట్ చేస్తే పోతాయి. దాంతో వినియోగదారులు బ్యాటరీ అయిపోకుండా చూసుకోవలసి వచ్చింది. ఐదు రోజుల తర్వాత చాలావరకు తిరిగి దొరికిందని మైక్రోసాఫ్ట్ ప్రకటించాక గాని ఊపిరి పీల్చుకోలేదు.

సర్వర్లు బాగానే ఉన్నా మరో ముప్పు ఉంది. ఫోన్‌ను ఖాతాతో జతకట్టడాన్ని సింక్ అంటారు. సింక్ అద్దం లాంటిది. ముందు నిలబడ్డ మనిషి తప్పుకుంటే అద్దంలోంచీ తప్పుకుంటాడు. ఫోన్లో మనవడు ఆడుకుంటూ వంద పేర్లు చెరిపేస్తే ఖాతాలోనూ చెరిగిపోతాయి. గూగుల్ కాంటాక్ట్స్‌లో చెరిపిన పేర్లు చెత్తబుట్టలో 30 రోజులు ఉంటాయి. జాబితా మొత్తాన్ని గత 30 రోజుల్లో ఏదో ఒక రోజు ఉన్న స్థితికి వెనక్కి తిప్పే సదుపాయం కూడా ఉంది. ఈ సంగతి తెలియక ఏడ్చినవారు ఎందరో. ఆ 30 రోజులు దాటితే మాత్రం దారి లేదు. అందుకే సింక్‌తోపాటు దానికి సంబంధం లేని విడి నకలు ఒకటి కావాలి.

ఆ నకలు పేరు వీసీఎఫ్ ఫైలు. విజిటింగ్ కార్డును కంప్యూటరుకు అర్థమయ్యేలా రాసే పద్ధతిని 1990ల నడుమ యాపిల్, ఏటీ అండ్ టీ, ఐబీఎం, సీమెన్స్ కంపెనీలు కలిసి రూపొందించాయి. దాన్ని వీకార్డ్ అంటారు. ఇన్నేళ్లలో ఫోన్ కంపెనీలు ఎన్నో పుట్టి పోయాయి, ఈ పద్ధతి మాత్రం నిలిచింది. దాన్ని ఆండ్రాయిడ్ చదువుతుంది, ఐఫోన్ చదువుతుంది, చాలా మామూలు కీప్యాడ్ ఫోన్లూ చదువుతాయి. కాంటాక్ట్స్ యాప్ తెరిచి, కింద ఉండే నిర్వహణ భాగంలోకి వెళ్లి, "ఎక్స్‌పోర్ట్" నొక్కితే పేర్లన్నీ కలిసి ఒకే ఒక చిన్న ఫైలుగా డౌన్‌లోడ్స్‌లో పడతాయి. ఫొటోలు లేకపోతే వెయ్యి పేర్లున్నా అది ఒక్క మామూలు ఫొటో కన్నా చిన్నదే. దాన్ని తన ఈమెయిల్‌కు తనే పంపుకోవచ్చు, పెన్‌డ్రైవ్‌లో వేసుకోవచ్చు, ఇంట్లో నమ్మకమైన మరొకరి ఫోన్లో ఉంచుకోవచ్చు.

తెలుగులో పేర్లు రాసుకునేవారు ఇక్కడ ఒక వింత చూస్తారు. ఆ ఫైలును నోట్‌ప్యాడ్ లాంటి దానిలో తెరిస్తే కొన్నిసార్లు తెలుగు కనిపించదు. సమానం గుర్తులు, ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు కలగలిసి బారుగా ఉంటాయి. ఫైలు పాడైందనుకుని చెరిపేస్తారు. పాడవలేదు. "అమ్మ" అన్న పేరు కంప్యూటరు లెక్కలో నాలుగు గుర్తులు: అ, మ, పొల్లు, మళ్లీ మ. ఒక్కో తెలుగు గుర్తుకు మూడేసి బైట్లు, మొత్తం పన్నెండు. పాత వీకార్డ్ పద్ధతి ఆ పన్నెండింటినీ ఒక్కొక్కటిగా, ముందు సమానం గుర్తు పెట్టి రాస్తుంది. ఫోన్లోకి తిరిగి ఎక్కించగానే అమ్మ అమ్మగానే వస్తుంది. ఎక్సెల్‌లో తెరవడం మాత్రం ప్రమాదమే. పేర్లను ఎక్సెల్ జాబితాగా దించుకుని దిద్దాలని చూస్తే, ముందు 91 ఉన్న పన్నెండు అంకెల నంబరును అది పెద్ద సంఖ్య అనుకుని కుదించి చూపిస్తుంది. ఆ స్థితిలో సేవ్ చేస్తే చివరి అంకెలు పోతాయి, వాటిని తిరిగి తేవడం ఎవరి వల్లా కాదు.

91 గురించి మరో మాట. ప్రతి నంబరునూ ముందు ప్లస్ 91తో సేవ్ చేసుకోవడం మేలు. దుబాయ్‌లోనో డల్లాస్‌లోనో దిగిన రోజున, అక్కడి సిమ్ వేసుకున్నా, ఇంటి నంబరు నొక్కగానే కలుస్తుంది. నిజామాబాద్ నుంచి, జగిత్యాల నుంచి, కోనసీమ నుంచి గల్ఫ్ వెళ్లేవారికి ఇది పెద్ద సాయం.

పేర్ల సంగతి ఇలా ఉంటే, సందేశాల సంగతి మరోలా ఉంటుంది. ప్రపంచంలో తొలి ఎస్సెమ్మెస్ 1992 డిసెంబర్ 3న బ్రిటన్‌లో వెళ్లింది. నీల్ పాప్‌వర్త్ అనే 22 ఏళ్ల ఇంజనీరు కంప్యూటరు మీద కొట్టి, వొడాఫోన్ ఉద్యోగి రిచర్డ్ జార్విస్ ఫోన్‌కు క్రిస్మస్ శుభాకాంక్షలు పంపాడు. ఆ ఫోన్ నుంచి తిరిగి జవాబిచ్చే వీలు కూడా లేదు. ఇంగ్లిష్‌లో ఒక ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాలు, తెలుగులో అయితే గుణింతాలూ పొల్లులూ లెక్కలోకి వచ్చి 70 గుర్తులే. ఆ కాస్త చోటులోనే ఇవాళ బ్యాంకు జమలు, బీమా కిస్తీలు, రిజిస్ట్రేషన్ ఆఫీసు కబుర్లు, స్కూలు ఫీజు రసీదులు అన్నీ ఉంటున్నాయి.

ఆండ్రాయిడ్ ఫోన్లో గూగుల్ బ్యాకప్ ఆన్ చేసి ఉంచితే ఎస్సెమ్మెస్‌లు, కాల్ చరిత్ర కూడా ఖాతాలోకి వెళతాయి. రెండు షరతులు తెలుసుకోవాలి. ఒకటి, చాలా ఫోన్లలో అవి కొత్త ఫోన్‌ను తొలిసారి సిద్ధం చేసుకునే సమయంలోనే తిరిగి దిగుతాయి. "తర్వాత చూద్దాం" అని దాటవేసినవారు మళ్లీ ఫోన్ రీసెట్ చేసుకోవలసి వస్తుంది. షాపులో హడావుడిగా ఫోన్ తెరిపించుకోవడం వల్ల జరిగే నష్టం ఇదే. ఇంటికి తెచ్చుకుని, వైఫై దగ్గర తీరిగ్గా కూర్చుని తెరవడం మంచిది. రెండోది, పాత ఫోన్‌ను 57 రోజులు వాడకపోతే ఆ బ్యాకప్ చెరిగిపోవచ్చు. పాడైన ఫోన్‌ను మూడు నెలలు సొరుగులో పెట్టి ఆపైన కొత్తది కొంటే ఏమీ మిగలకపోవచ్చు.

ఎస్సెమ్మెస్‌లను విడి ఫైలుగా దాచే యాప్‌లు కూడా ఉన్నాయి. "ఎస్సెమ్మెస్ బ్యాకప్ అండ్ రీస్టోర్" వాటిలో బాగా తెలిసినది. సందేశాలను తిరిగి ఎక్కించేటప్పుడు తననే ప్రధాన మెసేజ్ యాప్‌గా పెట్టమని అది అడుగుతుంది. వినగానే అనుమానం వస్తుంది, రావడం మంచిదే. కారణం ఇదీ: 2013లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.4 నుంచి, ప్రధాన మెసేజ్ యాప్‌కు తప్ప మరే యాప్‌కూ సందేశాల పెట్టెలో రాసే హక్కు లేదు. పని అయ్యాక పాత యాప్‌నే తిరిగి ప్రధానంగా పెట్టుకోవాలి. ఐఫోన్‌లో దారి వేరు. ఐక్లౌడ్ 5 జీబీ ఉచితంగా ఇస్తుంది, అది ఫొటోలతోనే నిండిపోతుంది. అందుకే బ్యాకప్ నెలల తరబడి ఆగిపోయినా చాలామంది గమనించరు. సెట్టింగ్స్‌లో చివరి బ్యాకప్ తేదీ రాసి ఉంటుంది, దాన్ని చూడాలి.

ఇక వాట్సాప్. దీని నిల్వ పూర్తిగా వేరు. గూగుల్ బ్యాకప్ ఆన్ చేశాం కదా, వాట్సాప్ కూడా అందులోనే వెళుతుందనుకోవడం పొరపాటు. వాట్సాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, చాట్స్‌లో, చాట్ బ్యాకప్‌లో విడిగా పెట్టుకోవాలి. ఆండ్రాయిడ్‌లో అది గూగుల్ డ్రైవ్‌లోకి వెళుతుంది. కొన్నేళ్లపాటు ఆ బ్యాకప్‌ను డ్రైవ్ లెక్కలోకి తీసుకోలేదు. 2024 నుంచి ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే లెక్కిస్తున్నారు. గుడ్ మార్నింగ్ వీడియోలతో అది నిండిపోతే, నిండిన రోజు నుంచి బ్యాకప్ ఆగిపోతుంది. బ్యాకప్‌లో వీడియోలు చేర్చడానికి ఒక మీట ఉంటుంది. అది ఆపేస్తే మాటలు, ఫొటోలు భద్రంగా వెళతాయి.

ఆ బ్యాకప్ తిరిగి రావాలంటే అదే ఫోన్ నంబరు, అదే గూగుల్ ఖాతా రెండూ ఉండాలి. షాపులో తెరిచిన కొత్త ఖాతాతో వెతికితే ఏమీ లేదంటుంది. నంబరు మారేవారు ముందుగా పాత నంబరు పనిచేస్తుండగానే వాట్సాప్‌లో "చేంజ్ నంబర్" వాడుకోవాలి. 2021 నుంచి ఈ బ్యాకప్‌కు విడిగా పాస్‌వర్డో, 64 అంకెల తాళమో పెట్టుకునే వీలు కూడా ఉంది. గోప్యతకు చాలా మంచిది. అది మర్చిపోతే మాత్రం వాట్సాప్ కంపెనీ కూడా తెరవలేదు. కాగితం మీద రాసి పెట్టుకోగలవారే దాన్ని వాడాలి. పాత ఫోన్, కొత్త ఫోన్ రెండూ చేతిలో ఉంటే ఇంత కూడా అక్కర్లేదు. 2023 నుంచి క్యూఆర్ కోడ్ చూపించి ఒకే రకం ఫోన్ల మధ్య నేరుగా చాట్లు బదిలీ చేసుకోవచ్చు. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు వెళ్లేవారికి 2022 నుంచి "మూవ్ టు ఐఓఎస్" యాప్ ద్వారా దారి ఉంది, అదీ కొత్త ఐఫోన్ తెరిచే తొలి ఘట్టంలో.

ఈ బదిలీల కోసం మన కుర్రాళ్లు ఒకప్పుడు షేరిట్, జెండర్ విరివిగా వాడేవారు. 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో ఆ రెండూ ఉన్నాయి. ఇప్పుడు ఆండ్రాయిడ్‌లోనే క్విక్ షేర్ ఉంది, మరో యాప్ వెతకనక్కర్లేదు.

ఫోన్ పోలేదు కానీ టచ్ పనిచేయడం లేదనుకోండి. కింద పడింది, తెర వెలుగుతోంది, వేలికి స్పందించడం లేదు. హైదరాబాద్ జగదీశ్ మార్కెట్‌లోనైనా, ఏ చిన్న ఊరి రిపేరు కొట్టులోనైనా అనుభవమున్న మెకానిక్ ఇలాంటప్పుడు చేసేది చూడదగ్గది. ఓటీజీ అనే చిన్న కనెక్టర్ తగిలించి, దానికి కంప్యూటరు మౌస్ గుచ్చుతాడు. తెర మీద చిన్న బాణం గుర్తు ప్రత్యక్షమవుతుంది. దానితోనే పిన్ నొక్కి తాళం తీయవచ్చు. ఆపైన కాంటాక్ట్స్ తెరుస్తాడు, ఎక్స్‌పోర్ట్ చేస్తాడు. ఓటీజీకి వంద రూపాయలు కూడా కాకపోవచ్చు. కొత్త డిస్‌ప్లే వేయించాలా వద్దా అన్నది ఆ తర్వాత తీరిగ్గా తేల్చుకోవచ్చు. పిన్ మాత్రం యజమానే నొక్కాలి, పని అయ్యేదాకా అక్కడే ఉండాలి.

ఎందుకింత జాగ్రత్త? ఫోన్లోని జాబితా మనది ఒక్కరిదే కాదు. అందులో ఉన్న ప్రతి మనిషిదీ. 2020 చివరలో తెలంగాణలో ఆన్‌లైన్ లోన్ యాప్‌ల ఆగడాలు బయటపడినప్పుడు ఈ సంగతి ఎంత కఠోరంగా తెలిసివచ్చిందో గుర్తుండే ఉంటుంది. యాప్ వేసుకునేటప్పుడే కాంటాక్ట్స్ చూసే అనుమతి తీసుకుని జాబితా మొత్తం నకలు చేసుకున్నారు. అప్పు కట్టడం ఆలస్యమైతే బంధువులకు, తోటి ఉద్యోగులకు ఫోన్లు చేసి పరువు తీశారు. తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవారున్నారు. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు అరెస్టులు చేశారు. 2022 సెప్టెంబర్‌లో రిజర్వ్ బ్యాంక్, అప్పులిచ్చే యాప్‌లు కాంటాక్టులను, కాల్ వివరాలను చూడకూడదని మార్గదర్శకాలిచ్చింది. 2023 మే 31 నుంచి గూగుల్ ప్లే స్టోర్ కూడా అదే నిబంధన పెట్టింది. బ్యాకప్ పేరుతో వచ్చే ఊరూపేరూ లేని యాప్‌కు జాబితా అప్పగించడం ఇలాంటివారి చేతికి మన బంధువుల నంబర్లు ఇవ్వడమే అవుతుంది. ఫోన్లోనే ఉన్న సదుపాయం చాలు.

సందేశాలు దాచుకోవలసిన కారణాల్లో కోర్టు కూడా ఒకటి. చేబదులు, ఇంటి అద్దె, కుటుంబ తగాదా, బెదిరింపు, ఏదైనా కావచ్చు. ఎలక్ట్రానిక్ రికార్డు నకలును సాక్ష్యంగా ఇవ్వాలంటే ధ్రువపత్రం తప్పనిసరి అని 2020 జూలైలో అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో ఆ నిబంధన 63వ సెక్షన్‌గా ఉంది. స్క్రీన్‌షాట్ ఒక్కటే సరిపోతుందనుకోవద్దు. వివాదం నడుస్తుంటే సందేశం వచ్చిన అసలు ఫోన్‌ను ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయకూడదు.

కోర్టుకు ఎక్కని విలువ మరొకటుంది. వెళ్లిపోయినవారి మాటలు. నాన్న చివరిసారి పంపిన "చేరావా అమ్మా" అన్న సందేశం, అమ్మమ్మ వాయిస్ మెసేజ్. ఇవి కొత్త ఫోన్ మోజులో, రీసెట్ నొక్కే తొందరలో పోతుంటాయి. వాట్సాప్‌లో ఒక్క మనిషితో జరిగిన సంభాషణను మాత్రమే విడి ఫైలుగా ఈమెయిల్‌కు పంపుకోవచ్చు, "ఎక్స్‌పోర్ట్ చాట్" అంటారు. వాయిస్ మెసేజ్‌లనూ ఒక్కొక్కటిగా బయటికి తీసి దాచుకోవచ్చు. తన తర్వాత ఖాతాలోని సమాచారం ఎవరికి అందాలో ముందే చెప్పే ఏర్పాటు గూగుల్‌లో 2013 నుంచి, యాపిల్‌లో 2021 నుంచి ఉంది. పెద్దవారితో ఈ మాట ఎత్తడం కష్టమే, కానీ ఎత్తాలి.

పాత ఫోన్ అమ్మేముందు వరుస తప్పకూడదు. కొత్త ఫోన్లో పేర్లు వచ్చాయో లేదో, పాత సందేశాలు తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోవాలి. ఓ వారం రెండింటినీ ఉంచుకోవాలి. ఆ తర్వాత పాత ఫోన్లో గూగుల్ ఖాతా తీసేసి, అప్పుడు రీసెట్ చేయాలి. పోయిన ఫోన్‌ను అయితే 2023 మేలో కేంద్రం తెచ్చిన సంచార్ సాథీ పోర్టల్‌లో బ్లాక్ చేయించవచ్చు. అందుకు ఐఎంఈఐ నంబరు కావాలి. ఇప్పుడే ఫోన్లో స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కితే ఆ నంబరు తెర మీద కనిపిస్తుంది. రాసి పెట్టుకోండి.

2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, నెట్‌వర్క్ లేదు. అలాంటి రోజున ఖాతాలు, సర్వర్లు ఏవీ అక్కరకు రావు. అందుకని పది ముఖ్యమైన నంబర్లు కాగితం మీద రాసి పర్సులో ఉంచుకోవడం ఈ కాలంలోనూ అవసరమే.

శ్రోతలు ఈ ఆదివారం ఒక గంట కేటాయించాలని మనవి. ముందు మీ ఫోన్ కాదు, ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్ తీసుకోండి. వాళ్ల పక్కనే కూర్చుని, ఆ ఫోన్ ఏ జీమెయిల్ ఖాతాతో నడుస్తోందో చూడండి. పాస్‌వర్డ్ తెలియకపోతే అప్పుడే మార్చి, వాళ్ల చేతే డైరీలో రాయించండి. అదే ఖాతాతో మరో ఫోన్లోనో కంప్యూటరులోనో గూగుల్ కాంటాక్ట్స్ తెరిచి, అందులో మీ పేరు కనిపిస్తోందో లేదో చూడండి. కనిపించకపోతే ఆ పేర్లన్నీ ఇంకా ఫోన్లోనో సిమ్‌లోనో ఉన్నట్టు. వాటిని ఆ రోజే ఖాతాలోకి మార్చండి.